జర పట్టుకో

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్ నగర్ వైపు దిగే వీధుల్లో ఒకదానిలో, పళ్ల డాక్టరు బోర్డుకీ పెళ్లిబట్టల దుకాణం బోర్డుకీ నడుమ ఇరుక్కుని ఇంకో చిన్న బోర్డు ఉంది. 'పతంగుల మ్యూజియం. ప్రవేశం ఉచితం. చెప్పులు బయట విడువగలరు.' చెప్పులు విడిచే నాథుడు లేక, పైమెట్టు దగ్గర పెట్టించిన చెప్పుల స్టాండు మీద మంజులత కరివేపాకు కుండీలు సర్దుకుంది.

దారి తప్పితే తప్ప ఆ మ్యూజియానికి ఎవరూ రారు. కింద ఉన్న పళ్ల డాక్టరు పైన ఉన్నాడనుకుని చెంప పట్టుకుని ఎక్కి వచ్చినవాళ్లను మంజులత భర్త బాలనర్సయ్య ఊరికే పోనిచ్చేవాడు కాదు. "ఎట్లనూ వచ్చిన్రు, జర చూసి పోండ్రి" అని లోపలికి తీసుకుపోయేవాడు. నోరు తెరవలేని మనిషి కన్నా మంచి శ్రోత ఎక్కడ దొరుకుతాడు? ఫోన్‌లో వెతికితే ఆ మ్యూజియానికి నాలుగున్నర నక్షత్రాలు కనిపిస్తాయి. వాటిని వేసింది ఎక్కువగా బాలనర్సయ్య మేనల్లుళ్లే. ఆ పోయిన అరనక్షత్రం ఏ మేనల్లుడి పుణ్యమో ఆయన ఇప్పటికీ ఆరా తీస్తూనే ఉన్నాడు.

ఆయన కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తీగల మీద చిక్కుకున్న పతంగులు తీయించడం ఆయన డ్యూటీలో ఒక భాగం. తీసినవాటిని పారెయ్యడానికి మనసొప్పక ఇంటికి తెచ్చేవాడు. ఇక్కడ రాళ్లూ నక్కలూ తప్ప ఏమీ లేని రోజుల్లో తండ్రి కొని పడేసిన జాగాలో ఇల్లు కట్టి, మేడ మీద గది వేసి, ఆ గది గోడల నిండా వాటిని బిగించాడు. తోక ఉన్నవి, తోక తెగినవి, కన్నం పడ్డవి, కాకి ముక్కు పొడిచినవి, అన్నిటికీ కింద అట్టముక్క మీద ఏ వీధి స్తంభం మీద దొరికిందో రాసి ఉంటుంది.

ఒక్క పతంగి మాత్రం తీగ మీద దొరికింది కాదు. తూర్పు గోడ మధ్యలో, అద్దం బిగించిన చట్రంలో ఉన్న ఎర్రది. మిగతావన్నీ అనాథలైతే ఇదొక్కటే ఇంటి బిడ్డ. దాని కింద ఇలా ఉంది: 'ధూల్‌పేట్‌లో పేరుమోసిన ఉస్మాన్ పహిల్వాన్ నల్ల పతంగిని శ్రీ బాలనర్సయ్య గారు కాట్ చేసిన పతంగి ఇదే.'

వారానికోసారి ఆ అట్టముక్క మీది దుమ్ము తుడిచేది మంజులత. తుడిచిన ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండేది. ఎందుకంటే ఉస్మాన్ పహిల్వాన్ దారం తెగిన క్షణాన శ్రీ బాలనర్సయ్య గారు మేడ మీద లేరు. మొదటి పండక్కి, పతంగులకు పేరుపడ్డ ధూల్‌పేట్‌లోని అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడు పిట్టగోడ మీదికి కాలెత్తేసరికి ప్యాంటు వెనక కుట్టు పర్రున విడిపోయింది. "జర పట్టుకో" అని దారం కొత్త పెళ్లాం చేతిలో పెట్టి, గోడకు వీపు ఆనించి, పీతలాగా అడ్డంగా మెట్లు దిగిపోయాడు. మామగారి లుంగీ కట్టుకుని పైకి వచ్చేసరికి నల్ల పతంగి తెగి గాలిలో కొట్టుకుపోతోంది. చుట్టూ మేడల మీది జనం "అఫా!" అని గెలుపు కేకలతో గొంతులు చించుకుంటున్నారు. మామగారు పరుగున వచ్చి అల్లుణ్ని కావలించుకుని ఎత్తేశాడు. అల్లుడు ఒక చేత్తో మామ మెడ, ఇంకో చేత్తో లుంగీ పట్టుకుని నవ్వాడు. మంజులత అప్పటికే ఒంగి చరక్ కండె తీసుకుని దారం చుడుతోంది. దారం చుట్టే మనిషి మొహం ఎవరు చూస్తారు?

నలభై ఏళ్లుగా ఆ కథ ఆయనది. మొదట్లో తెగింది ఒక్క పతంగే. ఉద్యోగంలో ప్రమోషన్లు వచ్చినట్టు అది మూడు, ఐదు అవుతూ రిటైరయ్యే నాటికి ఏడు దగ్గర నిలిచింది. ఆయన గొంతు సవరించుకోగానే మంజులత చాయ్ పెట్టే నెపంతో వంటింట్లోకి పోయేది. ఆ మ్యూజియంలో చాయ్ బాగుంటుందని వచ్చిన ఆ కాస్త పేరుకు కారణం ఇదే.

ఆ సోమవారం పొద్దున మెట్లెక్కి వచ్చిన అమ్మాయిని చూసి మంజులత అలవాటు ప్రకారం, "పండ్ల డాక్టర్ కింద అమ్మా" అంది.

"డాక్టరు కోసం కాదండీ. ఇక్కడ గాలిపటాల మ్యూజియం ఉందని విన్నాను. చూడొచ్చా?"

మంజులత చేతిలోని కొత్తిమీర కట్ట జారిపోయింది. "ఏమండీ! మ్యూజియం కోసమే వచ్చిందట!" అని లోపలికి కేక వేసింది. సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో బాలనర్సయ్య వచ్చేశాడు. ఆ అమ్మాయి చెప్పులు విడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక కరివేపాకు కుండీల వైపు చూసింది.

పేరు లాస్య. భీమవరం పిల్ల, కృష్ణానగర్‌లో హాస్టల్లో ఉంటూ ఒక సినిమాకి అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేస్తోంది. సినిమాలో హీరో హీరోయిన్లు వాన పడుతుంటే తలదాచుకోవడానికి ఒక వింత చోటు కావాలట. కాఫీ హోటళ్లన్నీ అయిపోయాయట. ప్రతి పతంగి దగ్గరా ఆగి ఫొటో తీసుకుంటూ వచ్చి, ఎర్ర పతంగి ముందు నిలబడింది. బాలనర్సయ్య చెంప మీది నురగ ఆరిపోయి పొలుసులు లేస్తున్నా పట్టించుకోకుండా గొంతు సవరించుకున్నాడు. మంజులత వంటింట్లోకి నడిచింది.

ఉస్మాన్ పహిల్వాన్ మీసాలు, ఎదురుగాలి, ఏడు పతంగులు అన్నీ వరసగా అయిపోయాయి. "నడుమ ఒక్కసారి గూడ ఆపలె. చెయ్యి కోసుకుపోయి రక్తం కారుతుంది, ఐనా ఆపలె" అని ఆయన ముగించాడు. రక్తం ఈ ఏడాదే కొత్తగా వచ్చి చేరింది.

"అబ్బ! ఇది సీనండీ అంకుల్, సీను!" అని లాస్య గెంతినంత పని చేసింది. "మా డైరెక్టరు గారికి చెబితే ఫ్లాష్‌బ్యాక్ పెట్టేస్తారు. హీరోనే మీ కుర్ర వయసు వేషం కూడా వేస్తాడు." ఉన్నట్టుండి వంటింటి వైపు తిరిగింది. "మరి ఆంటీ అప్పుడెక్కడున్నారు?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి లేదు. మంజులత చాయ్ జల్లెడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాలనర్సయ్య ఆమెను చూసి, చూపు తప్పించి, పొడి దగ్గు ఒకటి దగ్గాడు. "ఆమెనా... వెనక చరక్ పట్టుకున్నది" అన్నాడు.

లాస్య అది ఫోన్‌లో రాసుకుంది. చాయ్ ఆ రోజు కాస్త మాడింది.

*

బుధవారం డైరెక్టరు రిత్విక్ వచ్చాడు. నల్లటి బట్టల్లో, ఇంట్లో కూడా నల్ల కళ్లద్దాలు తియ్యకుండా మ్యూజియమంతా ఒక చుట్టు తిరిగి, "లవ్లీ. రస్టిక్" అన్నాడు. బాలనర్సయ్యకు అది తిట్టో మెచ్చుకోలో తెలియక రెండింటికీ సరిపోయేలా నవ్వాడు. హీరోయిన్ నిహారిక కూడా వచ్చింది. చక్కటి పిల్ల. మంజులత కుర్చీ తుడిచి వేసి, తన పాత్ర ఈ పిల్ల వేస్తుందని తెలిసి కాస్త మురిసింది కూడా.

"ఆంటీ క్యారెక్టర్‌కి డైలాగ్ ఏమైనా ఉందా?" అని నిహారిక అడిగింది.

"డైలాగ్ వద్దు. రియాక్షన్స్ చాలు" అన్నాడు రిత్విక్. "హీరో కట్ చేసిన ప్రతిసారీ నువ్వు వెనకాల హ్యాపీగా జంప్ చేస్తావు."

నిహారిక అక్కడికక్కడే ఖాళీ చేతుల్లో చరక్ పట్టుకున్నట్టు అభినయించి, "వావ్!" అంటూ కుందేలు పిల్లలా మూడుసార్లు ఎగిరి చూపించింది. అందరూ బాగుందన్నారు. బాలనర్సయ్య చప్పట్లు కొట్టాడు. మంజులత నోట్లోంచి "నేనట్ల ఎగరలె" అనే మాట వచ్చేసింది.

"అవునా? మరెలా ఉన్నారాంటీ?" అంది లాస్య.

మంజులత భర్త వైపు చూసింది. నుదుటి మీద సన్నగా చెమట పట్టి ఉంది ఆయనకు. నలుగురిలో మొగుడి పరువు తీసే మనిషి కాదామె. అలాగని మింగి ఊరుకోవడానికి అది ఇక గొంతు దిగేలా లేదు. "గుర్తు లేదమ్మా" అని ఖాళీ కప్పులు ఎత్తుకుని పోయింది.

వాళ్లంతా వెళ్లాక బాలనర్సయ్య నిచ్చెన వేసుకుని పతంగుల అంచులకు మైదా జిగురు రాస్తూ కూర్చున్నాడు. సినిమాలో పడబోయే పతంగులు కదా, ముస్తాబు ఉండాలి. మంజులత కింద నిలబడి జిగురు గిన్నె అందిస్తోంది.

"సినిమాల గూడ గదే చెప్తరా?" అంది.

"ఏది?"

"గదే."

బాలనర్సయ్య బ్రష్షు ఆగింది. "నలభై ఏండ్లకెళ్లి చెప్తున్న. ఇప్పుడు మారిస్తే జనం నవ్వరా?"

"ఏం జనం? పన్ను నొప్పోళ్లు. వాళ్లకు చెప్తిరి, నేను ఏమన్న అన్ననా? ఇంట్ల ముచ్చట ఇంట్ల ఉన్నది. ఇప్పుడు సినిమాల వస్తే మా తమ్ముళ్లు చూస్తరు, ధూల్‌పేట్ మొత్తం చూస్తది. నేను కుందేలు లెక్క ఎగురుతుంటే చూస్తరు."

"నువ్వు ఆ దినమే ఎందుకు చెప్పలె మరి?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు అడిగాడు.

మంజులతకు జవాబు తెలుసు. లుంగీ జారిపోకుండా పట్టుకుని, మామ చేతుల్లో ఊగుతూ, ఆ సన్నటి కుర్రవాడు ఎంత సంబరంగా నవ్వాడని! అంతకుముందు నెల రోజుల కాపురంలో ఆమె ఆయన పళ్లు చూడలేదు. ఆ నవ్వును ఆపడానికి మనసు రాలేదు. అది ఇప్పుడు పైకి చెబితే ఈ మనిషి నిచ్చెన మీద ఇంకో రెండు మెట్లు పైకెక్కి కూర్చుంటాడు.

"జిగురు ఎండుతుంది, రాయుండ్రి" అంది.

*

శనివారం వీధి నిండా వ్యాన్లు. జనరేటరు మోతకు పళ్ల డాక్టరు రెండుసార్లు బయటికి వచ్చి, అవతల కారులో హీరో ఉన్నాడని తెలిసి, మూడోసారి దువ్వుకుని వచ్చాడు. మేడ మీద గొడుగు కింద బుల్లి టీవీ పెట్టుకుని రిత్విక్ కూర్చున్నాడు. హీరో వచ్చి, ఏమీ లేని ఆకాశం వైపు రకరకాలుగా చూసి, పళ్లు బిగించి, ఖాళీ వేళ్లు గాల్లో లాగి, మధ్యాహ్నానికల్లా వెళ్లిపోయాడు. మొహం పని అయిపోయింది. ఇక మిగిలింది చేతుల పని. దారం లాగే చేతులు, పైన తెగే పతంగి. దానికి హీరో అక్కర్లేదు, హీరో చొక్కా ఉంటే చాలు.

"డూప్ ఎవరు?" అని రిత్విక్ అడిగాడు.

"నేనుండంగ డూప్ ఎందుకు సార్?" అని బాలనర్సయ్య అప్పటికే హీరో చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు. చిలకపచ్చ పూల చొక్కా పొట్ట దగ్గర బొత్తాలు పట్టక విచ్చుకుని ఉంది. మేకప్ మనిషి ఆయన చేతుల వెంట్రుకలు గీసి, క్రీము పూసి, మణికట్టు దాకా పాతికేళ్లు తగ్గించాడు.

ఎదురు మేడ మీద నల్ల పతంగితో శ్రీకాంత్ అనే ఫైటర్ సిద్ధంగా ఉన్నాడు. దెబ్బలు తిని కిందపడటం అతని వృత్తి. ఈ రోజు కూడా ఓడిపోవడమే పని అని లాస్య ఫోన్‌లో వివరంగా చెప్పింది.

గాలి లేదు. పతంగి రెండుసార్లు ముక్కు నేలకు రాసుకుంది. "బ్లోయర్!" అన్నాడు రిత్విక్. పాటల్లో హీరోయిన్ల జుట్టు ఎగరేసే పెద్ద ఫ్యాను అది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి, తెరిచి ఉన్న మ్యూజియం తలుపు పక్కనే పెట్టి మీట నొక్కారు. నిహారిక జుట్టు దివ్యంగా ఎగిరింది. చీర కొంగు ఎగిరింది. గొడుగు ఎగిరింది. పతంగి మాత్రం నేల మీద బోర్లా పడి కదల్లేదు. అయితే గదిలో నుంచి చప్పుడు మొదలైంది. నలభై ఏళ్లుగా గోడలకు అంటుకుని పడున్న పతంగులన్నీ ఒక్కసారి పటపటలాడాయి. కొన్ని మేకుల నుంచి ఊడి గది నడుమ గింగిరాలు కొట్టాయి.

"బంద్ చెయ్యుండ్రి! వంద రూపాయల జిగురు పోయింది, బంద్ చెయ్యుండ్రి!" అని బాలనర్సయ్య చేతులు బార్లా చాపి తలుపుకు అడ్డం పడ్డాడు.

"సార్, గాలి పైన ఉండాలి గానీ కింద ఉంటే ఏం లాభం?" అని ఫ్యాను మనిషే చివరికి రిత్విక్‌కు చెప్పాడు.

పొద్దు వాలాక అసలు గాలి దానంతటదే వచ్చింది. ఎర్ర పతంగి లేచింది. అచ్చం ఫ్రేములోదానిలాగే ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు నాలుగు చేసి పెట్టారు. బాలనర్సయ్య గబగబా దారం వదిలి, నల్ల పతంగి మీదికి తోసి, పళ్లు బిగించి లాగాడు. ఎర్రది తెగిపోయింది.

"కట్!" అన్నాడు రిత్విక్. "తెగాల్సింది అది కాదు అంకుల్."

రెండోది లేచింది. దారాలు ముడిపడగానే బాలనర్సయ్య మళ్లీ లాగాడు. అదీ పోయింది. లాస్య ఫోన్‌లో ఎదురు మేడకు అరిచింది. "శ్రీకాంత్ అన్నా, నువ్వు కదా ఓడిపోవాలి!"

"నేనేం చెయ్యలె మేడమ్! ఊకె పట్టుకుని నిలవడ్డ! ఆయనే వచ్చి నా దారానికి కోసుకుంటున్నడు!"

మూడోది కూడా పోయింది. మంజులత మెట్ల పక్కన నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి చూస్తోంది. రాత్రంతా ఆమె ఇదే కోరుకుంది. ఆయన ఒక్కసారి నలుగురిలో తెల్లబోతే తన కడుపు చల్లబడుతుందనుకుంది. తీరా ఇప్పుడు చల్లబడటం లేదు. ఆయన వేలు నిజంగానే కోసుకుంది. ఈ ఏడాది కథలో కొత్తగా వచ్చిన రక్తం ఇప్పుడు హీరో చొక్కా చేతికి అంటుకుంటోంది. మేకప్ చెరిగి ముసలి చెయ్యి కనిపిస్తోంది.

"లైట్ పోతోంది" అని రిత్విక్ లేచాడు. మర్యాదగానే అన్నాడు. "పర్లేదు అంకుల్, మీరు రెస్ట్ తీసుకోండి. గ్రాఫిక్స్‌లో చేసేద్దాం. ఈ ఏజ్‌లో కష్టం కదా."

బాలనర్సయ్య ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచి, మూసుకున్నాడు. ఎప్పుడూ మాటలకు కరువు లేని మనిషి అలా నోరు మూసుకోవడం మంజులత చూడలేకపోయింది. 'ఏజ్' అట! ఆమెకు ఆ నల్ల కళ్లద్దాల కుర్రవాడి మీద మా చెడ్డ కోపం వచ్చింది.

ఆయన ఆఖరి ఎర్ర పతంగి తీసుకున్నాడు. దారం కట్టాడు. రిత్విక్ వైపు కాకుండా తిన్నగా నీళ్ల డ్రమ్ము దగ్గరకు నడిచి వచ్చాడు. చిలకపచ్చ చొక్కా విప్పి ఆమె భుజాల మీద వేశాడు. దారం ఆమె చేతిలో పెట్టాడు.

"జర పట్టుకో" అన్నాడు.

తెలియకుండానే మంజులత ఆయన ప్యాంటు వెనకవైపు చూసింది. కుట్టు నిక్షేపంగా ఉంది.

"జర కిందికి పోయొస్త" అని ఆయన మెట్ల వైపు తిరిగాడు. ఈసారి తిన్నగానే నడిచాడు.

"ఆంటీ...?" అంది లాస్య.

మంజులత గాజులు మోచేతి మీదికి తోసుకుంది. చీర మీదే హీరో చొక్కా తొడుక్కుని చేతులు మణికట్టు దాకా లాక్కుంది. చూపుడువేలికి ప్లాస్టరు ముక్క చుట్టమని మేకప్ మనిషికి వేలు చూపించింది. "చరక్ పట్టుకో బిడ్డా" అని లాస్యను వెనక నిలబెట్టింది. "ఎగరకు. ఊకె పట్టుకో."

పతంగి రెండు తడవలు గిరికీ కొట్టి, మూడో తడవకు గాలి అందుకుని మీదికి పోయింది. దారం బరువు వేలికి తెలిసింది. అటు ఎదురు మేడ మీద శ్రీకాంత్ కళ్లు చికిలించి చూశాడు. వచ్చింది వేరే మనిషని పతంగి నడకే అతనికి చెప్పింది. ఓడిపోవాలన్న సంగతి మరిచిపోయి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

దారాలు కలిశాయి. అతను లాగాడు. మంజులత లాగలేదు. అన్నదమ్ములంతా లాగి లాగి ఓడిపోతుంటే చిన్నప్పుడే ఆమెకు పట్టుబడిన కిటుకు అది. వేలు వదులు చేసింది. దారం సర్రున జారింది. "పోనియ్యి, ఇంక పోనియ్యి" అని వెనక లాస్యకు చెబుతూ, ఎదుటివాడు లాగేకొద్దీ వదులుతూనే ఉంది. వెనక్కి కొట్టుకుపోయే ఎర్ర పతంగి ఓడిపోతున్నట్టే కనిపించింది. రిత్విక్ టీవీ దగ్గర తల పట్టుకున్నాడు. అంతలో పైన ఎక్కడో దారం సన్నగా నిట్టూర్చినట్టయింది. నల్ల పతంగి తల వాల్చి, తాగినవాడిలా పక్కకు ఒరిగి, ఫిల్మ్ నగర్ మీదుగా కొట్టుకుపోయింది.

అప్పుడు మెట్ల మీద నుంచి వినిపించింది, ఆ వీధి వీధంతా ఉలిక్కిపడేలా.

"అఫా! అఫా! అఫా!"

బాలనర్సయ్య కిందికి పోలేదు. మూడో మెట్టు మీద నిలబడి, మెడ సాచి, నీళ్లు నిండిన కళ్లతో ఆకాశంలోకి చూస్తూ అరుస్తున్నాడు.

"సూపర్! ఆంటీ, సేఫ్టీకి వన్ మోర్!" అన్నాడు రిత్విక్.

ఎదురు మేడ నుంచి శ్రీకాంత్ రెండు చేతులూ జోడించాడు. "ఇంకో నల్లది ఉంది గని ఎగరెయ్య సార్! ఇజ్జత్ పోతది! అమ్మా, మీది ధూల్‌పేటా?"

"పుట్టిల్లు!" అని మంజులత కేక వేసింది. అంత గట్టిగా ఆమె కేక వేసి ఎన్నేళ్లయిందో.

యూనిట్ అంతా చుట్టూ మూగింది. రిత్విక్ మొదటిసారి కళ్లద్దాలు తీశాడు. "అంకుల్, ఆంటీకి మీరే నేర్పారా?"

అందరూ మెట్ల వైపు తిరిగారు. బాలనర్సయ్య పైకి వచ్చాడు. కోసుకున్న వేలిని రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు. అటు మంజులతను, ఇటు జనాన్ని చూశాడు.

"నేను నేర్పలె సార్" అన్నాడు. "నాకే రాదు. ఆ దినం నల్ల పతంగి గూడ..."

"అందరు చాయ్ తాగుతరా?" అంది మంజులత గట్టిగా. అడ్డంగా ముందుకు వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, "ముందు వేలికి పసుపు పెడ్త రాండ్రి" అని లోపలికి లాక్కుపోయింది.

లోపల పసుపు అద్దుతుంటే ఆయన అన్నాడు. "చెప్పనియ్యవైతివి."

"మీరు చెప్తమనుకున్నరు. గది చాలు" అంది. ఆ తరవాత చొక్కా చేతులు చూసుకుని నవ్వింది. "ఇన్ని దినాలు మీ పేరు మీద ఉండె. ఇగ హీరో పేరు మీద పడ్డది. నా చేతులకు గిదే రాత."

బాలనర్సయ్య నవ్వలేదు.

మర్నాడు పొద్దున మంజులత దుమ్ము దులపడానికి గదిలోకి పోయింది. పతంగులన్నీ మళ్లీ మేకులెక్కి ఉన్నాయి. ఎర్ర పతంగి కింద అట్టముక్క లేదు. అది ఉన్నచోట గోడ మీద తెల్లటి పలక ఆకారం మిగిలింది. తడిగుడ్డతో ఆమె ఆ తెలుపునే ఒకసారి తుడిచింది.

*

చీర మీద హీరో చొక్కా వేసుకుని ఆకాశంలోకి చూస్తున్న మంజులత ఫొటోను లాస్య ఫోన్‌లో అందరికీ కనబడేలా పెట్టింది. ఆ తరవాతి ఆదివారం వెంగళరావు నగర్ నుంచి ఒక కుటుంబం కుటుంబమంతా వచ్చింది. ముసలావిడ, కొడుకూ కోడలూ, స్ఫూర్తి అనే మనవరాలు. దారి తప్పి కాదు, పంటి నొప్పితో కాదు, వెతుక్కుంటూ వచ్చారు. మంజులత పరుగున వెళ్లి చెప్పుల స్టాండు మీది కరివేపాకు కుండీలు దించింది.

బాలనర్సయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని అన్ని పతంగులూ చూపించాడు. ఏ స్తంభం మీద ఏది దొరికిందో, దేన్ని తీస్తుంటే ఏ వీధికి కరెంటు పోయిందో చెప్పాడు. ఎర్ర పతంగి దగ్గరకు వచ్చారు. మంజులత అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగింది.

"ఏడికి పోతున్నవ్?" అన్నాడాయన. కుర్చీ లాగి ఎర్ర పతంగి పక్కన వేశాడు. "కూసో. గీ పతంగి ముచ్చట ఆమె చెప్తదమ్మా. నేను చాయ్ తెస్త."

ఆయన చాయ్ పెట్టి ఎవరూ ఎరగరు. వంటింట్లో ముందు ఒక గిన్నె కిందపడింది. తరవాత ఏదో డబ్బా మూత దొర్లింది. మంజులత కుర్చీ అంచున కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. గొంతు సవరించుకుంది. అచ్చం ఆయనలాగే సవరించుకున్నానని తెలిసి సిగ్గుపడింది.

"మా పుట్టిల్లు ధూల్‌పేట్ల" అని మొదలుపెట్టింది. ఉస్మాన్ పహిల్వాన్ గురించి చెప్పింది. గాలి గురించి, వేలు వదులు చెయ్యడం గురించి చెప్పింది. ప్యాంటు సంగతి చెప్పలేదు. "ఈయనకు కింద ఏదో పని పడ్డది, జర పట్టుకో అని నా చేతికిచ్చి పోయిండు" అని ఊరుకుంది. ముసలావిడ ముందుకు ఒంగి వింటోంది. స్ఫూర్తి నోరు తెరిచి వింటోంది. తన మాటకు ఒక మనిషి నోరు అలా తెరుచుకోవడం మంజులత ఇదే చూడటం. ఇంత రుచి ఉంటుందా దీనికి! నలభై ఏళ్లుగా ఆయన దీన్ని ఎందుకు వదల్లేదో ఇప్పుడు తెలిసింది.

"మొత్తం ఎన్ని కాట్ చేశారు అమ్మమ్మా?" అని స్ఫూర్తి అడిగింది.

తెగింది ఒక్కటే. అది తెలిసినవాళ్లు ఈ ఇంట్లో ఇద్దరే. వంటింట్లో కప్పుల చప్పుడు ఆగిపోయింది. మంజులత ఎర్ర పతంగి వైపు చూసింది. పిల్ల కళ్ల వైపు చూసింది.

"పదకొండు" అంది.

అనేసి తనే అదిరిపడింది. వంటింటి గుమ్మంలో ట్రే పట్టుకుని బాలనర్సయ్య కనిపించాడు. చాయ్ సగం సాసర్లలోనే ఉంది. ఆయన నింపాదిగా నడిచి వచ్చి, ముందు ముసలావిడకు కప్పు అందించి, చాలా గంభీరంగా తల అడ్డంగా ఊపాడు.

"పన్నెండు" అన్నాడు. "ఆమె ఒకటి మరిచిపోయింది. నాకు తెల్వదా? వెనక చరక్ పట్టుకున్నది నేనే గద."